నడుమెత్తమనే మాట

గాంధీనగర్, బళ్ళారి

భీమక్కకు,

పోయిన ఏడు మన ఊరు హచ్చొళ్ళిలో, వరి మడిలో నాట్లేస్తూ నువ్వు పాడిన పాటను ఫోనులో పట్టుకొచ్చాను కదా, దాన్ని మా ఆఫీసు వాళ్ళు చేస్తున్న వీడియో గేములో, ఆడవాళ్ళు నాట్లేసే చోట పెట్టాం. ఆడేవాళ్ళు ఆపేదాకా పాట మళ్ళీ మళ్ళీ మొదటికి రావాలి, అతుకు తెలియకూడదు.

తెలుస్తోందక్కా. "గట్టొచ్చె, నడుమెత్తండే" అనే చివరి మాట దగ్గర మీరంతా లేచి నిలబడతారు. నిలబడ్డ గొంతు వెనకే వంగిన గొంతు వచ్చి పడితే, ఎంత నునుపు చేసినా చెవికి తగులుతోంది.

చివర కూడా వంగే పాడమని మొన్న ఫోనులో అడిగాను. "కాలవకు నీళ్ళే ఇడ్సలేదు. చేతిలో నారు లేకుండా పాట యాడ వస్తాదప్పా?" అన్నావు. సరేలే అక్కా అని ఫోను పెట్టేశాను.

పాటలో ఆ చివరి మాటే తీసెయ్యమన్నాడు మా మేనేజరు. వాదించి చూశాను. ఈ పని పోతే ఈ ఊళ్ళో ఇలాంటిది ఇంకోటి దొరకదు, అందుకే తీసేశాను.

ఇప్పుడు అతుకు లేదు, అందరూ బాగుందంటున్నారు. నీకు చూపించమని మాత్రం అడక్కు. తెరమీద ఆడవాళ్ళు వంగి నాటుతూనే ఉన్నారక్కా. నడుమెత్తమని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

నీ తమ్ముడు