చాటెడు తవుడుకు అమ్మిన బిడ్డ

కామాఠిపురా పదో గల్లీలో, వరుస గదుల పాత చాల్‌లో ఉంటున్న, మునిసిపల్ తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన బాలనర్సయ్య అనే నేను స్థిరబుద్ధితో నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. ఎవరి ఒత్తిడీ లేదు. ఒత్తిడి చేయడానికి వచ్చినవారు చాయ్ తాగి వెళ్లారు.

1. క్యారం బోర్డు, మా కింది ఖోలీలో, అంటే కింది గదిలో, ఉండే లస్మయ్యకు. స్ట్రైకర్ మాత్రం నా మనవడు అనికేత్‌కు. లస్మయ్య ఆడాలంటే వాడిని అడగాలి. దొంగాట ఆడేవాడి మీద ఇంతకంటే నమ్మకం ఉంచలేను. నా కొడుకులిద్దరికీ కోరింత దగ్గు పట్టినప్పుడు ధారావి దాకా నడిచి గాడిదపాలు తెచ్చిందీ ఇతడే. పాలు పనిచేయలేదు. బోర్డు ఆ నడకకు.

2. ఆ వానాకాలం ఇద్దరూ పోయారు. వాళ్ల వెండి మొలతాళ్లు నా భార్య గంగాబాయి పెట్టెలో ఉన్నాయి. అవి ఎవరికీ చెందవు. నాతో పంపండి.

3. చాల్ కూల్చి కట్టాక నాకు రావలసిన ఇల్లు కూతురు సుజాతకు. అయితే ఒక చిక్కుంది. సుజాత నా కూతురవునో కాదో అనుమానం.

ఇద్దరు పోయాక పుట్టిన ఈ పిల్లయినా దక్కాలని గంగాబాయి దాన్ని చాటలో పడుకోబెట్టి, పక్క ఖోలీ మల్లవ్వకు తవుడుకు అమ్మింది. మా ఇంటి పిల్లలకు అలవాటుపడ్డ చావు పరాయి బిడ్డను ముట్టదట. నేను చదువుకున్నవాడిని, నవ్వాను. టీకా వేయించాను. అయినా చాల్‌లో ఎవరు దగ్గినా గంగాబాయి గుమ్మంలో నిలబడి గట్టిగా అనేది: "ఇది మల్లవ్వ బిడ్డ. మా ఇంట్ల పిల్లల్లేరు. వేరే గడప చూస్కో."

బిడ్డను మేం తిరిగి కొనలేదు. ఆ తవుడు పాలవాడి బర్రె తినేసింది కనుక బేరం రద్దు చేయడం కుదరదు. సుజాత పాసైన ప్రతిసారీ మల్లవ్వ కోవా పేడాలు పంచి, ఇందులో మాస్టరుకేం సంబంధం అనేది. నా వంతు పేడా నేను తినేవాడిని.

4. మల్లవ్వకు ఎవరూ లేరు. ఆమె ఖోలీకి కాగితాలూ లేవు. చాల్ కూలితే ఆమెకు వీధే. ఆమె మనకేమవుతుందని అల్లుడు ప్రవీణ్ అడిగాడు. అత్త అవుతుంది బాబూ. మర్యాదలన్నీ వర్తిస్తాయి. చాయ్‌లో చక్కెర తగ్గితే ఊరుకోదు.

కొత్త ఇంట్లో కిటికీ పక్క మంచం, బతికినంతకాలం, మల్లవ్వది. కాదంటే ఇల్లు లస్మయ్యకు. మల్లవ్వకు చోటిస్తావా అని అతడిని అడిగాను. వెంటనే ఒప్పుకున్నాడు.

సుజాతా, మీ అమ్మ పోయి ఏడాదైంది. రెండో అమ్మ ఒక్కతే మెట్లు దిగలేకపోతోంది. చెయ్యి పట్టుకుని దింపు.

ముంబై, 14 జూలై 2025
(సంతకం) బాలనర్సయ్య

సాక్షులు:
బుచ్చన్న, చాల్ కమిటీ
రుతుజ, ఎదురు ఖోలీ