లేని పుస్తకాలు

సెప్టెంబర్ 8, సోమవారం

మా కాలేజీ లైబ్రరీ పై అంతస్తు అరలన్నీ ఖాళీ. పుస్తకాలు అట్టపెట్టెల్లో, లారీ కోసం. వాటి చోట సోఫాలు, చార్జింగ్ ప్లగ్గులు వస్తాయట. తర్వాత, అడిగినవాళ్లకి పుస్తకాలు వెతికిపెట్టే నా బల్ల వంతు.

"పిల్లలు ఫోన్‌నే అడుగుతున్నారు లా. నిన్నెవరు అడుగుతున్నారు?" — మా చీఫ్ లైబ్రేరియన్ మేడమ్, పువాన్ ఫరీదా, మాట చివర ఎప్పటి 'లా' తగిలించి, నవ్వుతూనే.

నాకు నవ్వు రాలేదు.

సెప్టెంబర్ 9

కవిత వచ్చింది. మా ఊరు సుంగై సుమున్‌లో ఉండే లచ్చక్క కూతురు, ఇక్కడే నర్సింగ్ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు చివర పేర్లు రాసిన పుస్తకాలు తెచ్చి చూపించమన్నాడట లెక్చరర్. "ఇయ్యి కొంచెం తీసీ పిన్నీ." కళ్లు ఫోన్‌లోనే.

మధ్యాహ్నమంతా వెతికాను. మా కేటలాగు, వేరే కాలేజీలవి, ప్రచురణకర్తలవి... రచయితలున్నారు. పుస్తకాలు లేవు. ఎవరూ రాయనే లేదు.

సెప్టెంబర్ 10

"ఎక్కడ దొరికినాయే ఇయ్యి?"

"ఏఐ ఇచ్చింది పిన్నీ."

"ఒక్కటైనా తెరిసి సూసినావా?"

"పేజీ నంబర్లతో ఇచ్చింది. నేకుండా ఎలాగుంటాది? నువ్వే సరిగ్గా ఎతకనేదు."

దాన్ని నమ్ముతుంది. నన్ను నమ్మదు! బల్ల గుద్దబోయి ఆగాను.

పెట్టెలు లారీ ఎక్కాయి.

సెప్టెంబర్ 11

లచ్చక్క ఫోన్. ఏడుపు. లేని పుస్తకాలు రాసిందని వచ్చే గురువారం కాలేజీలో కవిత మీద విచారణ అట, పరీక్షకే కూర్చోనివ్వరేమోనని భయం.

"పుస్తకాలు తీసేసినారంట కదా సెల్లీ. అందులో పోనాయని సెప్పీ. ఎవులికి తెలుస్తాది?"

నిజమే. ఎవరికీ తెలియదు. పైగా... చూశారా, తొందరపడి పారేశారు, పిల్ల నష్టపోయింది అని ఫరీదా ముందు అనొచ్చు. నా బల్లా నిలబడొచ్చు.

అంతదాకా ఆలోచించాను. నా మీద నాకే చిరాకు.

సెప్టెంబర్ 12

అలా సెప్పనని లచ్చక్కతో అన్నాను. తప్పు ఒప్పుకోమను, నిజమైన పుస్తకాలు ఎతకడం నేను నేర్పుతాను అన్నాను.

"నీ పిల్లయితే ఇలాగే అందువా?" — ఫోన్ పెట్టేసింది.

సెప్టెంబర్ 15

మీటింగ్. పోయిన వారం నా బల్ల దగ్గరికి ఒక్కరే వచ్చారట. ఆ ఒక్కరితోనే వారమంతా సరిపోయిందన్నాను. ఎవరూ రాసుకోలేదు.

సెప్టెంబర్ 18

విచారణ అయింది. ఆ పేర్లు ఏఐ ఇచ్చినవని కవిత తనే చెప్పేసిందట. ప్రాజెక్టు మళ్లీ రాయాలి, నెలాఖరులోగా. పరీక్ష సంగతి అప్పుడు చూస్తారట.

లచ్చక్క ఫోన్ ఎత్తడం లేదు.

సెప్టెంబర్ 19

పొద్దున్నే కవిత. సారీ లేదు, ఏమీ లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "మొదట ఏటి సెయ్యాలి?"

చూపించాను. విసుక్కుంది. "ఇంతసేపా!" నేనూ విసుక్కున్నాను. ఒక్కో పేరూ పట్టుకుని, ఉందో లేదో చూసి, తెరిచి, చదివి... మంచం పట్టినవాళ్ల పుండ్ల గురించి ఒక మంచి వ్యాసం దొరికింది. తనే వెతికింది. తనే చదివింది, పెదాలు కదుపుతూ. "మా తాతకి ఇలాగే తిరగేసి పడుకోబెట్టీవోరు పిన్నీ..."

సాయంత్రం ఆర్డరొచ్చింది. సోమవారం నుంచి కింద ఫీజుల కౌంటర్లో నేను. బల్ల రేపు తీసేస్తారు.

కవిత సంచి సర్దుకుంటోంది. "సోమవారం ఎన్నింటికి రమ్మంటావు?"

తొమ్మిదికి, కింద కౌంటర్ దగ్గరికి అన్నాను.