తల ఊపితే కుదరదన్నారు

అక్కకి చెల్లెలు దణ్ణాలతో రాస్తున్న ఉత్తరం.

ముందుగా నా చేతిరాతకి క్షమించు. ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇది. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి. వరసలు కూడా కిందికి జారిపోతున్నాయి. కాగితం పెట్టుకోవడానికి ఒళ్లో చోటు లేక పొట్ట మీద పెట్టి రాస్తున్నాను. లోపలున్న బిడ్డ తన్నినప్పుడల్లా అక్షరం వంకర పోతోంది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ బావా పిల్లలూ క్షేమమని తలుస్తాను.

మా ఇంటి సంగతి నీకు తెలుసుగా. కింద రొట్టెల కొట్టు, పైన మేము. ఆయన రాత్రంతా పొయ్యి దగ్గర, పగలంతా మంచం మీద. అత్తయ్య పొద్దున్నుంచీ కొట్లో. నేను కూర్చుని అట్టపెట్టెలు మడుస్తాను. ముగ్గురం ఒకేసారి మేలుకుని ఉండటమే అరుదు. ఉన్నా ఆవలింతలే గానీ మాటలుండవు.

నిన్న అత్తయ్య నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ కాన్పులు చేసే నర్సమ్మ ఉంది. మంచి మనిషే గానీ గొంతు పెద్దది. వసారాలో కూర్చున్న వాళ్లందరికీ వినపడేలా, "నొప్పి తగ్గడానికి నీకేం కావాలమ్మా?" అని అడిగింది. అలాంటివి అడుగుతారని నాకు తెలియదక్కా. నొప్పులంటే వస్తాయి, పడతాం, అంతే అనుకున్నాను.

"గొట్టంతో పీల్చే గాలి ఉంది, కావాలా?" అంది. తల ఊపాను. "తొడకి ఇంజక్షను?" ఊపాను. "వెన్నులో మత్తు సూది? నడుం కింద నొప్పి తెలియదు." ఊపాను. "వేడినీళ్ల తొట్టి?" ఊపాను. "పోనీ, ఏదీ వద్దా?" దానికీ ఊపాను.

ఆవిడ కలం కింద పెట్టేసింది. "తల్లీ, తల ఊపితే కుదరదు. ఇంటికెళ్లి ఆలోచించుకో. వచ్చేసారి నోటితో చెప్పు" అంది.

తిరిగొస్తుంటే అత్తయ్య ఒకే ఒక్క మాటన్నారు. "మా రోజుల్లో పళ్ల మధ్య తువ్వాలు పెట్టుకుని కొరికేవాళ్లం." నన్నూ అదే చెయ్యమన్నట్టేగా?

నిజం చెప్తున్నాను, నాకు భయంగా ఉంది. ఎదురింటావిడ కాన్పప్పుడు కేకలు వీధి చివరిదాకా వినిపించాయి. నాకా నొప్పి వద్దు. కానీ ఎలా చెప్పడం? ఈ ఇంట్లో నేను ఇంతవరకూ "నాకిది కావాలి" అని ఉప్పు కూడా అడగలేదు. చప్పగా ఉంటే చప్పగానే తిన్నాను. అమ్మ ఉండి ఉంటే అమ్మనడిగేదాన్ని. నువ్వు ముగ్గుర్ని కన్నావు. ఏది మంచిదో, ఏది అడిగితే సిగ్గు తక్కువో రాయి.

ఇట్లు,
నీ చెల్లెలు.

తా.క. ఆయన్ని కూడా అడిగాను. కళ్లు తెరవకుండానే "ఏది తాజాగా ఉంటే అది తీసుకో" అని అటు తిరిగి పడుకున్నారు.

*

చెల్లెమ్మా,

దీర్ఘాయుష్షు. క్షేమసమాచారాలు రాసే తీరిక లేదు. చిన్నవాడు చంకలో ఉన్నాడు. నడిపిది నా జడ విప్పుతోంది. పెద్దవాడి చప్పుడే లేదు, అసలు భయం అదే.

నా అనుభవం చెప్తాను, విను. పెద్దవాడప్పుడు గాలి. గొట్టం మన చేతికే ఇస్తారు. నొప్పి పోదు గానీ అది పక్కవాళ్లకి వస్తున్నట్టు ఉంటుంది. కాన్పయ్యాక కూడా నేను వదలకపోతే ఇద్దరొచ్చి లాక్కున్నారు. నడిపిదానప్పుడు తొడకి ఇంజక్షను. ఆ మగతలో మా అత్తగారి మీద మనసులో ఉన్నదంతా పైకి చెప్పేశానట. ఆవిడ పక్కనే ఉంది. అప్పట్నుంచీ నాతో మాట్లాడదు. అంచేత ఆ ఇంజక్షను పనిచెయ్యదని మాత్రం అనను. చిన్నవాడప్పుడు వెన్నులో సూది. వీపు వంచి కదలకుండా కూర్చోవాలి, కష్టం అదొక్కటే. ఆ తరవాత ఒక వారపత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. పెళ్లయ్యాక నేను పూర్తిగా చదివిన పత్రిక అదొక్కటే. వేడినీళ్ల తొట్టి సంగతి నాకు తెలియదు. మా ఆసుపత్రిలో తాగే నీళ్లకే దిక్కు లేదు.

ఎవరి ఒంటికి ఏది పడుతుందో డాక్టరు చూసి చెప్తారు. కావాలని అడగాల్సింది మాత్రం నువ్వే. నన్నడిగితే సూది.

అసలు సంగతికొస్తాను. మీ అత్తగారు నిన్ను తువ్వాలు కొరకమంటోందా? నువ్వు నోరు లేనిదానివని కదూ! అమ్మ లేకపోతే అక్క లేదనుకుందా? కన్నీళ్లు పెట్టుకోకు. నేను చూసుకుంటాను.

ఆశీస్సులతో,
అక్క.

తా.క. మీ అత్తగారికి విడిగా ఒక కవరు ఇదే టపాలో వేశాను. మర్యాదగానే రాశాను, రెండు చోట్ల తప్ప.

*

అక్కకి నమస్కారం.

ఎంత పని చేశావక్కా! ఆవిడ నన్ను కొరకమన్నారని నేను రాయలేదు. కొరకమన్నారేమో అని రాశాను.

నీ కవరు కొట్లోకే వచ్చింది. అత్తయ్య గల్లా దగ్గర నిలబడి చదివారు. మళ్లీ మొదట్నుంచి చదివారు. మడిచి నడుం దగ్గర దోపుకుని, ఎదురుగా ఉన్న మనిషికి అతను అడగని రొట్టె ఇచ్చారు. అతను మారు మాట్లాడకుండా పట్టుకెళ్లాడు, ఆవిడ మొహం అలా ఉంది మరి.

మర్నాడు పొద్దున్నే మంచి బట్టలు కట్టుకుని, ఎక్కడికో చెప్పకుండా వెళ్లిపోయారు. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి తప్ప ఆవిడ కొట్టు వదిలి వెళ్లడం ఈ వీధి ఎప్పుడూ చూడలేదు. అలిగి కూతురి దగ్గరికి వెళ్లిపోయారనుకున్నాను. ఆయన నిద్ర కళ్లతో వచ్చి గల్లా దగ్గర కూర్చుని, అక్కడే గురక పెట్టారు. జనం వాళ్లంతట వాళ్లే రొట్టెలు తీసుకుని వాళ్లంతట వాళ్లే చిల్లర తీసుకున్నారు. నేను మేడ మీద కూర్చుని, పెట్టెలన్నీ తిరగేసి మడిచాను.

పొద్దు వాలాక వచ్చారు. మొహం వాడిపోయి ఉంది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ నావైపు చూసి ఏదో అనబోయారు. నిన్ను తిడతారని భయమేసి నేనే ముందు అనేశాను: "నాకు ఏమీ వద్దు అత్తయ్యా. తువ్వాలు చాలు."

ఆవిడ రెండో చెప్పు కూడా విప్పి పక్కన పెట్టారు. "సరే. నీ ఇష్టం" అన్నారు.

పొద్దున లేచేసరికి ఆసుపత్రికి తీసుకెళ్లే సంచిలో ఒక తువ్వాలు మడత పెట్టి ఉంది.

నీకు కోపం రాకుండా, ఆవిడకి కోపం రాకుండా నేను ఎలా కనాలో నాకు తెలియడం లేదు. నడుం నొప్పిగా ఉంది. కాళ్లు వాచాయి. నిద్ర పట్టడం లేదు. ఆవిడకి క్షమించమని ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
చెల్లెలు.

తా.క. తువ్వాలు కొత్తది. కొరికి చూశాను. బాగా గట్టిగా ఉంది.

*

చెల్లెమ్మా,

నీ ఉత్తరం చదివి అన్నం మాడ్చేశాను. కొత్త తువ్వాలు కొనిందా! పాతదైతే తొందరపాటు అనుకుందును. కొత్తది కొనిందంటే అది నిర్ణయం.

క్షమాపణ రాస్తాను, నీ కాన్పయ్యాక. ఇప్పుడు కాదు. ఇప్పుడు రాసేది వేరే వాళ్లకి. మీ నర్సమ్మకే నేరుగా ఉత్తరం వేశాను. "అమ్మా, మా చెల్లెలు తల ఊపితే నమ్మొద్దు. పెళ్లిచూపుల్లో కూడా అలాగే ఊపింది. అబ్బాయిని అసలు చూడనేలేదు. దానికి వెన్నులో సూది కావాలి. తువ్వాలు కావాలని చెప్పినా నమ్మొద్దు" అని రాశాను. మీ బావ కూడా సంతకం పెట్టాడు. ఆయన బస్సులు బాగుచేసే మనిషి కదా, "ఇంజను కింద పడుకోబోయే ముందు పనిముట్లు దగ్గర పెట్టుకోవాలి" అని సొంతంగా ఒక వాక్యం కూడా చేర్చాడు. ఎందుకో నాకు తెలియదు. ఆయన అభిప్రాయం అడిగే ఇల్లు ఇదొక్కటే, రాయనిచ్చాను.

ధైర్యంగా ఉండు. పడుకోగలిగినప్పుడల్లా పడుకో. తరవాత ఆ మాట ఉండదు.

అక్క.

తా.క. పెద్దవాడు దొరికాడు. పిండి డబ్బాలో ఉన్నాడు.

*

అక్కకి,

ఓపిక లేదు, కొంచెమే రాస్తాను.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. నర్సమ్మ నీ ఉత్తరం తీసి వసారా అంతటికీ వినపడేలా చదివింది, పెళ్లిచూపుల ముక్కతో సహా. పక్క బెంచీ వాళ్లు నవ్వారు. అత్తయ్య గోడకున్న పటం చూస్తూ కూర్చున్నారు.

"మీ అక్కగారు సూది అంటున్నారు. మీ ఆయనొచ్చి గాలి అన్నారు" అంది నర్సమ్మ. ఆయన ఎప్పుడు వెళ్లారో నాకు తెలియనే తెలియదు! నిద్ర మానుకుని వెళ్లారట. గాలి సరిగ్గా ఆడితే ఏ పొయ్యి అయినా దారికొస్తుందని ఆవిడకి వివరించారట. కుర్చీలో కూర్చుని వివరిస్తూ వివరిస్తూ నిద్రపోయారట. లేపి పంపించారట.

"ఇంతమంది చెప్పారు. కనేది మాత్రం నువ్వు. నువ్వేమంటావ్?" అంది. అత్తయ్య పక్కనే ఉన్నారు. తల ఊపాను. నర్సమ్మ నుదురు పట్టుకుంది. "నొప్పులొచ్చాక చెప్పు. నీ నోటితోనే చెప్పాలి. మరీ ఆలస్యం చేస్తే సూది వెయ్యడం కుదరదు, గుర్తుంచుకో" అంది.

అక్కా, నాకు ఇప్పుడు నొప్పుల కంటే ఆ ప్రశ్నంటేనే భయంగా ఉంది.

చెల్లెలు.

తా.క. ఆయన్ని అడిగితే, "నేను వెళ్లానా?" అన్నారు.

*

చెల్లెమ్మా,

నోరు తెరువు.

అక్క.

తా.క. ఇంకా చాలా రాయాలనుంది. కలం పట్టుకుని పెద్దవాడు బీరువా వెనక్కి దూరాడు. ఇది మీ బావ పెన్సిలు. గ్రీజు మరకలకి ఏమనుకోకు.

*

అక్కకి, బావకి నమస్కారాలు.

ఆడపిల్ల. ఇద్దరం బాగున్నాం. ఇది ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. ఈసారి కాగితం పెట్టుకోవడానికి ఒళ్లో చోటుంది, కానీ చంకలో మనిషి ఉంది.

పొద్దున పెట్టెలు మడుస్తుంటే నొప్పులు మొదలయ్యాయి. ఆయన రొట్టెల బండి తీశారు. వెనక కూర్చోబెట్టి, గతుకు వచ్చినప్పుడల్లా "పట్టుకో, పట్టుకో" అన్నారు. ఏది పట్టుకోవాలో చెప్పలేదు.

ఆసుపత్రిలో నర్సమ్మ ఎదురొచ్చి అడగనే అడిగింది. "ఏం కావాలమ్మా?"

అలవాటు ప్రకారం తల ఊపాను.

"తల ఊపకే!" అని గుమ్మం దగ్గర్నుంచి ఒక కేక. ఎవరనుకున్నావు? మా వెనకే వచ్చిన అత్తయ్య! "నోరు విప్పి చెప్పు. తువ్వాలే కావాలంటే తువ్వాలే తెస్తాను. కానీ నువ్వు చెప్పాలి!"

సరిగ్గా అప్పుడే పెద్ద నొప్పి వచ్చింది. దాంతో పాటు నా గొంతూ వచ్చింది. "నాకు సూది కావాలి! వెన్నులో వేసేది! తువ్వాలు వద్దు, నాకెప్పుడూ వద్దు! డాక్టరుగారు ఏం పనిలో ఉన్నా సరే, ఇప్పుడే రమ్మనండి!" ఇలా అరిచింది ఎవరా అని నేనే పక్కకి చూశాను. డాక్టరుగారు పక్క గదిలో టీ తాగుతున్నారట. గ్లాసుతో సహా వచ్చేశారు.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?" అన్నారు అత్తయ్య. "మీ అక్క ఉత్తరం చదివిన మర్నాడు పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చున్నాను. ఆ సూది బిడ్డకి చెడు చేస్తుందా, నడుం పడిపోతుందా అని కనపడిన వాళ్లందర్నీ అడిగాను. భయం లేదన్నారు. నీకు చెబుదామని పరిగెత్తుకుంటూ వస్తే, గుమ్మంలోనే తువ్వాలు చాలన్నావు. ఎంత పంతం పిల్లవో అనుకుని, పోనీలే, కనీసం మంచిదైనా కొందామని కొన్నాను."

అక్కా, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నొప్పి వల్ల రెండూ కుదరలేదు.

వీపు వంచి కూర్చున్నాను. నర్సమ్మ లోపలికి పిలిస్తే వచ్చి నా భుజాలు అత్తయ్య పట్టుకున్నారు. కాసేపటికి కాళ్లు నావి కానట్టు బరువెక్కాయి. నొప్పి దూరంగా వెళ్లి ఎక్కడో కూర్చుంది. అప్పుడు నేనేం చేశానో చెప్పనా? నిద్రపోయాను. కాన్పు మధ్యలో హాయిగా నిద్రపోయాను. నువ్వు పత్రిక చదివావు, నాకు అంత ఓపిక కూడా లేదు.

మెలకువ వచ్చేసరికి అత్తయ్య కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నారు. "ముగ్గుర్ని కన్నాను. నీకేం కావాలని నన్నెవరూ అడగలేదు" అన్నారు, నాతో కాదు, దుప్పటితో అన్నట్టు.

"అడిగితే ఏం చెప్పేవారు అత్తయ్యా?" అన్నాను.

"ఏముంది? ముందు మా అత్తగారిని గదిలోంచి పంపెయ్యండి అనేదాన్ని."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "నిన్ను నోరు విప్పమని అరిచాను గానీ, విప్పితే మొదట వచ్చే మాట అదేనేమోనని నర్సమ్మ పిలిచేదాకా గుమ్మం దాటి లోపలికి రాలేదు" అని కళ్లు తుడుచుకున్నారు.

"కుర్చీ ఇంకాస్త ఇటు లాక్కోండి" అన్నాను. కోడలిగా నేను నోరు తెరిచి ఆవిడకి చెప్పిన మొదటి పని అదే. లాక్కున్నారు. పాప పుట్టేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఇట్లు,
నీ చెల్లెలు.

తా.క. పాపని ఆయన చేతుల్లో పెడితే కాసేపు తూచినట్టు పైకీ కిందకీ ఆడించి, "పెద్ద రొట్టె కంటే బరువే. బాగా కాలింది" అన్నారు. వెంటనే బెంచీ మీద పడుకున్నారు. వాళ్లమ్మ కళ్లు తుడుచుకోవడం ఆయన చూడలేదు. ఆ సంగతి బయటికి పొక్కితే ఆవిడ మళ్లీ గల్లా దగ్గర తలెత్తుకుని కూర్చోలేరు, మా వీధి సంగతి నీకు తెలియదు. అందుకని బావకి కూడా చదివి వినిపించకు. నువ్వొక్కదానివే చదువుకుని, ఈ ఉత్తరాన్ని పొయ్యిలో వేసి కాల్చెయ్యి అక్కా.