ఏడో బల్ల స్కేలు

పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు,

విషయం: భౌతికశాస్త్రం రెండో సంవత్సరం ప్రాక్టికల్స్‌లో తప్పినట్టు ప్రకటించబడిన విద్యార్థిని కొలత సరైనదేననియు, తప్పు స్కేలుదనియు, స్కేలు తప్పు నాదనియు విన్నవించుకొనుట గురించి.

అయ్యా,

నేను తమ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ముప్పై నాలుగేళ్లు అటెండరుగా పనిచేసి గత ఏడాది పదవీ విరమణ పొందినవాడను. బడిలో చదివింది ఐదో తరగతి. తక్కిన చదువంతా బల్లలు తుడుస్తూ, పిల్లలకు చెప్పేది చెవిన వేసుకుంటూ, వాళ్లు పారేసిన రికార్డు పుస్తకాలు ఇంటికి మోసుకుపోయి చదువుకున్నది. పై విద్యార్థిని నా కూతురి కూతురు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. తర్వాత బయటపడితే అర్జీ పలచనైపోతుంది.

1. మా లేబులో లోలకం ప్రయోగం ఒకటి కలదు. దారానికి ఇత్తడి గుండు కట్టి ఊపుతారు. దారం పొడవు స్కేలుతోను, ఊపుల కాలం గడియారంతోను కొలిచి, లెక్క కట్టి, కాగితం మీద గీత గీస్తే భూమి ఆకర్షణ ఎంతో తేలుతుంది. తొమ్మిది పాయింట్ ఎనిమిది రావాలి. వస్తుంది కూడా, ఎందుకంటే పై తరగతి వాళ్ల రికార్డుల్లో ఆ అంకె ముందే ఉంటుంది. పిల్లలు జవాబు దగ్గర బయల్దేరి కొలతల దాకా వెనక్కి నడిచి వస్తారు. దీనికి మా లేబులో 'వంట' అని పేరు. ఘుమఘుమలాడే వంటలు చూశాను.

2. పంతొమ్మిదేళ్ల కిందట, మర్నాడు తనిఖీ అనగా, ఏడో బల్ల మీటరు స్కేలు నా చేతిలోంచి జారి సున్నా వైపు కొస చీలింది. విరిగిన వస్తువును నమోదు చేయాలంటే మూడు సంతకాలు కావాలి. ఆ ముగ్గురూ తనిఖీ వారికి పూలదండలు పురమాయించే పనిలో ఉన్నారు. నేను రంపం తెచ్చి చీలిన మేర కోసి, గరుకు కాగితంతో రుద్ది, కొసనుండే ఇత్తడి తొడుగు మళ్లీ తొడిగాను. ఆ వైపు అంకెలు చేతుల రాపిడికి ఎప్పుడో చెరిగిపోయినందున ఎవరికీ తెలియలేదు. పోయింది రెండు సెంటీమీటర్లు; అప్పటి నుంచి ఆ స్కేలు ఏ పొడవు కొలిచినా రెండు ఎక్కువే చూపుతుంది. తనిఖీ వారు ఆ స్కేలునే చేతబట్టుకుని, పరికరాలను కంటికి రెప్పలా చూసుకుంటున్నారని రాసి వెళ్లారు.

3. అటు తర్వాత ఆ పొట్టి స్కేలుతో కొలిచిన వారందరికీ తొమ్మిది పాయింట్ ఎనిమిదే వచ్చినది. నా మొదటి అర్జీని 'ఆధారములు లేవు' అని తిప్పి పంపిన తమ సూపరింటెండెంటు గారు కూడా ఏడో బల్ల విద్యార్థే. వారికెంత వచ్చిందో అడిగి వారిని ఇబ్బంది పెట్టను.

4. నా మనవరాలికి మాత్రం రాలేదు. దానికీ నేనే బాధ్యుడను. "కనబడిందే రాయి తల్లీ, కావాల్సింది రాయకు" అని చిన్ననాటి నుంచి నూరిపోసింది నేను. పరీక్షలో చీటీ తీస్తే ఏడో బల్ల వచ్చింది. లెక్క పదికి పైన తేలింది. సున్నా లోంచి పోవలసిన గీత, పొడవుల వైపు రెండు దగ్గర తగిలింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు కళ్లద్దాలు తీసి అడిగారు.

"ఏమ్మా, ఇది సున్నాలోంచి పోవాలని నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారు సార్. చుక్కలు అక్కడ లేవు."

"లేకపోతే పెట్టుకోవాలి. అందరూ పెట్టుకోలేదూ?"

"లేనిచోట ఎలా పెట్టను సార్?"

"నోరు మాత్రం కొలతగా లేదు," అన్నారాయన.

మంచినీళ్ల పళ్లెం పట్టుకుని నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ 'రెండు' చూడగానే నాకు తెలిసిపోయింది. నేను కోసిన ముక్క ఆ కాగితం మీద ఉంది. పంతొమ్మిదేళ్లలో దాన్ని కనిపెట్టింది ఆ పిల్ల ఒక్కతే, అదీ తనకు తెలియకుండానే. నోరు తెరిచాను. "నీళ్లు కావాలా సార్?" అన్నాను. పదవీ విరమణకు నాలుగు నెలలుంది.

5. తప్పిన తర్వాత, తప్పిన బల్ల మీదే నెగ్గాలని పంతం పట్టి, ఆచార్యుల అనుమతితో ఆ ప్రయోగం తొమ్మిదిసార్లు చేసింది. తొమ్మిదిసార్లూ గీత అక్కడికే వచ్చింది. "ఒకసారి తప్పితే పొరపాటు తాతయ్యా. తొమ్మిదిసార్లూ ఒకేలాగ తప్పుతున్నానంటే లోపం నా చేతుల్లోనే ఉంది," అంది. నేను పక్క బల్ల తుడుస్తున్నాను. అది అప్పటికే తుడిచిన బల్ల.

6. పదవీ విరమణ చేసిన మర్నాడు జరిగిందంతా చెప్పాను. నవ్వింది. "నీ కథలు నాకు తెలియవా తాతయ్యా? నా పాలపన్ను ఊడితే చంద్రుడు లాగేశాడన్నావు." అన్నాను, నిజమే. ఇన్నేళ్లూ ఆ పిల్లను నవ్వించడానికి చెప్పిన అబద్ధాలన్నీ వరసగా వచ్చి, చెప్పిన ఒక్క నిజానికి అడ్డం నిలబడ్డాయి. ఇప్పుడు చదువు మాని బట్టల కొట్టులో పనిచేయుచున్నది. నా మాట నమ్మదు. తమ కార్యాలయపు ముద్రను నమ్ముతుంది. తప్పావని చెప్పినప్పుడు దాన్నే నమ్మింది.

7. లేబులోని పాత సామాను వచ్చే సోమవారం తుక్కు కింద తరలిస్తారని తెలియవచ్చినది. స్కేలు పోతే నా దగ్గర మిగిలేది మళ్లీ కథే. కావున అంతకుముందే ఏడో బల్ల స్కేలును కొత్త స్కేలు పక్కన పెట్టి కొలిపించి, ఆ పిల్ల జవాబు పత్రంతో సరిచూసి, 'ఆ రోజు ఆ స్కేలుతో ఆ కొలతే రావలెను' అని ఒక్క వాక్యం రాయించి ముద్ర వేయించ ప్రార్థన. మార్కులు కలపకపోయినా చింత లేదు. నాపై తీసుకోదలచిన చర్యకు అభ్యంతరం లేదు.

ఈ నాలుగు ముక్కలూ సోమవారం లోపు చిత్తగించవలెనని వేడుకొనుచున్న,

తమ విధేయుడు,
మాజీ అటెండరు, భౌతికశాస్త్ర ప్రయోగశాల

తా.క.: కోసిన ముక్కను ఇన్నాళ్లూ మా బీరువా కాలికింద ఎత్తు కోసం వాడాను. ఇప్పుడు బీరువా ఊగుతోంది, ముక్క దీనితో జతచేశాను. నిన్న ఆ కొట్టుకు పోయి ఒక మీటరు గుడ్డ అడిగాను. ఆ పిల్ల కొలిచింది, మళ్లీ కొలిచింది, ఆపైన నాలుగు వేళ్లు వదిలి కత్తిరించింది. "ఎందుకే ఎక్కువ?" అన్నాను. "నా కొలత కదా తాతయ్యా, తక్కువ పడితే పాపం," అంది. ఆ కొట్టుకు వచ్చే ప్రతివారికీ అలాగే వదులుతుందట. ఆ నాలుగు వేళ్ల గుడ్డలోనే ముక్కను చుట్టి పంపుతున్నాను. తమరి పని అయ్యాక రెండూ నాకు కాదు, తనకు పంపండి.