నాలుగో బల్ల కాడ ఎవరు?

కర్నూలు,
2-5-1957

కడపలో కాపురమున్న మా నాగక్కకు, కర్నూలు ఎండలో సగం ఉడికిన తమ్ముడు కంబన్న నమస్కరించి రాసుకునేది. నేనీడ బాగుండాను, అంటే అన్నం తింటాండాను, నిద్ర మటుకు పట్టడం లేదు. నువ్వూ, బావా, పిల్లోళ్లూ బాగుండారని తలుస్తాను.

ఒంటిమిట్ట తిరునాళ్లకు రాలేదని కోప్పడినావు. సెలవు ఇయ్యలేదక్కా. నా దగ్గు తగ్గింది. నువ్వు పంపిన మిరియాల పొడి నాకంటే ముందు నా గదిలో ఉండే గోపన్న మింగినాడు, వానికి దగ్గే లేదు. ఇంక నీ మూడో ప్రశ్న: "సంబంధం వాళ్లు అడుగుతాండారు, నువ్వు చేసే పని పేరేంది?" బి.ఏ. లెక్కల్లో పట్టా పుచ్చుకున్న నేను సగౌరవంగా మనవి చేసేదేమంటే, నేనొక యంత్రంలో ముక్కను.

మా పెద్దాఫీసరు వెంకటేశ్వర్లు గారు ఇంగ్లండు పోయి, లెక్కలు కట్టే యంత్రాన్ని చూసొచ్చినారు. మా కాలువల ఆఫీసుకు అట్లాంటిది కొనేదానికి పైవాళ్లు ఒప్పుకోలేదు. అందుకని ఎనిమిది మందిమి ఎనిమిది బల్లల కాడ కూర్చుని యంత్రమైనాము. బల్లకొక పని. ఒకరు కాలువ వాలు కడతారు, ఒకరు నీటి వేగం, ఒకరు వర్గమూలం. వేగం కట్టేవానికి వర్గమూలం కావాల్సొస్తే చీటీ మీద అంకె రాసి ఆ బల్లకు పంపాల, అక్కడివాడు జవాబు వేసి తిప్పి పంపాల. నోరు తెరవకూడదు. యంత్రం మాట్లాడదు కదా! చీటీ మీద తేదీ, బల్ల నంబరు, అంతే. పని పేరుండదు, మనిషి పేరుండదు. అంకెలు కూడా అందరమూ ఒకే అచ్చులో రాయాలని నెల దినాలు దిద్దించినారు. ఏ బల్లకు ఏ పనో, ఆడ ఎవరు కూర్చోవాలో పొద్దున నల్లబల్ల మీద రాస్తారు. సాయంత్రం బంట్రోతు అయ్యన్న తుడిచేస్తాడు. శానా శుభ్రమైన మనిషి.

ఏప్రిల్ ఇరవై రెండున తెలిసింది, ఓర్వకల్లు కాడ తవ్వాల్సిన పిల్లకాలువ లెక్క తప్పిందని. మా లెక్క ప్రకారం తవ్వితే నీళ్లు గుట్టెక్కాల. వెనక్కు వెతుక్కుంటా పోతే మార్చి పన్నెండో తేదీ చీటీ ఒకటి దొరికింది. వర్గమూలం తప్పు. నాలుగో బల్ల. ఆ దినం ఆ బల్ల కాడ ఎవరు? చెప్పాల్సిన నల్లబల్ల ఎప్పుడో శుభ్రమైపోయింది.

కోడుమూరు బడిలో నాతో చదివిన లేవి నీకు తెలుసు కదా, వాడూ మా ఎనిమిది మందిలో ఒకడు, వాళ్లింట్లో మొదటి ఉద్యోగం వానిదే. వర్గమూలాలంటే వాని చెయ్యి శానా చురుకు, ఎక్కువసార్లు వాడే కట్టేవాడు.

"లేవీ, నువ్వేనా?" అన్నారు ఆఫీసరు.

వాడు చీటీని తిప్పి తిప్పి చూసి, "నేనేనేమో సార్. గ్యాపకం లేదు," అన్నాడు.

"ఒకటో తేదీ దాకా చూస్తా. ఇంకెవరని తేలకుంటే నువ్వు పోవాల్సిందే."

అప్పుడు నీ తమ్ముడు గొంతు సవరించుకుని లేచి ఒక ఉపాయం చెప్పినాడు. పని మొదలుపెట్టే ముందే చీటీ వెనక ఆ పని పేరు, చేసేవాని పేరు, ఎవరు పంపితే చేస్తాండాడో వాని పేరు రాయాల. గంట కొడితే ఎక్కడివాళ్లక్కడ ఆగి, చేతిలో ఉన్న చీటీ తిప్పి చదవాల. మర్నాడే గంట కొట్టినారు. మాతో పని చేసే హనుమన్న లేచి, "వర్గమూలం, హనుమన్న. పంపింది నీటి వేగం, కంబన్న," అని పద్యం మాదిరి చదివినాడు.

"బుర్రంటే ఇదప్పా!" అని ఆఫీసరు నా భుజం తట్టినారు. లేవి కూడా చప్పట్లు కొట్టినాడు. జరిగిపోయిన మార్చికి ఆ ఉపాయం ఏ పనికీ రాదని వానికి తెలుసు. అయినా కొట్టినాడు.

ఇంత దూరం రాసి కలం పక్కన పెట్టి, మళ్లీ తీసుకున్నాను.

అక్కా, ఆ దినం నాలుగో బల్ల కాడ కూర్చున్నది నేను. ఒకే మాదిరి కనబడే చీటీలు రెండు వెంటవెంటనే వచ్చినాయి. విసుగొచ్చి, రెండోదాన్ని కట్టకుండా మొదటిదాని జవాబే దించేసి పంపినాను. అందుకే గుర్తుండాది. లేవి "నేనేనేమో" అన్నప్పుడు నిజం నా నాలుక మీదనే ఉన్నింది. నోరు తెరిస్తే ఉపాయం వచ్చింది.

నిన్న ఒకటో తేదీ. పొద్దున్నే లేవి బల్ల సొరుగులోంచి తన టిఫిను గిన్నె, పెన్సిళ్లు తీసి గుడ్డలో మూట కట్టుకుంటాండాడు. అది చూడలేక ఆఫీసరు గదిలోకి పోయి చెప్పేసినాను. ఆయన తిట్టలేదు. "వాణ్ణి కూర్చోమను. నువ్వు సాయంత్రం దాకా పని చేసి పో," అన్నారు.

ఆఫీసు వదిలినాక లేవి సైకిలు తోసుకుంటా నా పక్కనే నడిచినాడు. కోట బురుజు దాకా వచ్చినాము. ఏదైనా నవ్వించే మాట చెబుదామని చూసినాను, ఒక్కటీ తోచలేదు. ఆడ ఆగి అన్నాడు:

"తొమ్మిది దినాలు నా పక్కనే కూసోని చూస్తా ఉన్నావు కదప్పా."

సైకిలెక్కి పోయినాడు.

ఉద్యోగం పోయిందని నాయనకు నువ్వు చెప్పొద్దు, కోడుమూరు పోయి నేనే చెప్పుకుంటాను. దానికి ముందు ఆదివారం లేవి ఇంటికి పోతాను. తలుపు తీస్తాడో లేదో. తీస్తే ఏం చెప్పాలో ఇంకా తెలీదక్కా.

ఇట్లు,
నీ చిన్న తమ్ముడు
కంబన్న