ఆకాశం చూసే హెడ్‌లైట్లు

చి. టార్చికి,

మామయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను, మీ అత్తయ్య, మీ తాతయ్య కారు క్షేమం. కారు అన్నాను గానీ దాని హెడ్‌లైట్లు బొత్తిగా గుడ్డివైపోయాయి. పొద్దుగూకితే రోడ్డు మాట దేవుడెరుగు, బానెట్టే కనిపించడం లేదు.

వచ్చే నెలలో నీ ఆటో ఎలక్ట్రికల్ షాపు తెరుస్తున్నావు కదమ్మా. ఆ సాయంత్రం ఈ కారు నేనే నడుపుకుంటూ వచ్చి నీ షాపు ముందు ఆపుతానని నలుగురిలో మాటిచ్చాను. రిటైరయ్యేదాకా రైలింజను నడిపినవాణ్ణి. అక్కడ దీపం వేస్తే ముందున్నవన్నీ వాటంతట అవే తప్పుకునేవి. నాకు అలాంటి దీపాలు కావాలి. నేను ఈ కారు విప్పుతుంటే టార్చి పట్టుకుని నిలబడే కదా నువ్వు ఈ పని నేర్చుకున్నావు! ఆ పేరు నీకు ఊరికే రాలేదు. నా మాట నిలబెట్టు.

ఇట్లు,
మామయ్య

తా.క.: నేను అత్తయ్యను. ఉత్తరం పోస్టులో వేసేది నేనే కాబట్టి కింద ఒక ముక్క రాస్తున్నాను. మన గేటు స్తంభం ఈ మధ్య ముందుకు జరిగిందట. మీ మామయ్య చెబుతున్నారు. ఇప్పటికి రెండుసార్లు జరిగింది.

* * *

మామయ్యకు,

టార్చి నమస్కారాలు. కొత్త బల్బులు, అద్దాలు పంపుతున్నాను. కూడా ఉన్న చిన్న నల్ల డబ్బా రిలే. దాన్ని మరిచిపోవద్దు. ఈ బల్బులు తీసుకునే కరెంటంతా పాత స్విచ్చిలోంచి పోతే స్విచ్చి మాడిపోతుంది.

బిగించాక అసలు పని ఉంది. నేల చదునుగా ఉన్నచోట, ఒక గోడకు ఎదురుగా కారు పెట్టి, వెలుగు ఎక్కడ పడాలో సుద్దముక్కతో గీత గీసి, దానికి సరిపోయేలా స్క్రూలు తిప్పాలి. ఎవరు ఎక్కడ కూర్చుంటారో వాళ్లు అక్కడే కూర్చుని ఉండాలి సుమా. వెనక బరువు పెరిగితే ముందు దీపం పైకి లేస్తుంది.

మీరు కారు దిగే ఫొటో కట్టించి షాపు గోడకు తగిలించుకోవాలని అప్పుడే మేకు కూడా కొట్టేశాను.

ఇట్లు,
టార్చి

తా.క.: అత్తయ్యా, స్తంభాలు కదలకుండా చేసే సరుకు నా దగ్గర లేదు.

* * *

చి. టార్చికి,

మామయ్య ఆశీస్సులు. దీపాలు బిగించాను. అబ్బ, ఏం వెలుగు!

మన గోడ ముందు చోటు చాలక ఎదురింటి పళ్ల డాక్టరుగారి గోడ మీద గీతలు గీశాను. ఆయన బయటికొచ్చి, "ఏంటండీ, మా గోడ కొలుస్తున్నారు?" అన్నాడు. "మీ గోడ ఎవడిక్కావాలండీ, నాక్కావలసింది గీతే" అన్నాను. దానికి కోపమెందుకో! తలుపు ధడాలున వేసుకున్నాడు.

నువ్వు రాసినట్టే మీ అత్తయ్యను వెనక సీట్లో కూర్చోబెట్టాను. నేను దిగి స్క్రూ తిప్పడం, ఎక్కి కూర్చుని చూడడం, మళ్లీ దిగడం. మొత్తానికి వెలుగు గీత మీద అతికినట్టు కూర్చుంది. తీరా రోడ్డెక్కాక చూస్తే వెలుగంతా ఆకాశంలోకి! కింద గుంటలు కనిపించవు గానీ, కరెంటు తీగల మీద కాకుల్లో ఏ కాకి ఏదో మీ అత్తయ్య గుర్తుపట్టేస్తోంది. నువ్వు పంపిన సరుకులోనే ఏదో లోపముంది.

ఇట్లు,
మామయ్య

తా.క.: షికారుకేమో అనుకుని కొత్త చెప్పులు వేసుకుని కూర్చున్నాను. గీతలు గీసిన ఆ సాయంత్రమంతా కారు కదల్లేదు. మంచి బండి. గతుకులు అస్సలు తెలియలేదు.

* * *

మామయ్యకు,

టార్చి నమస్కారాలు. సరుకు నేనే పరీక్షించి పంపాను. గోడ ముందు సరిగ్గా ఉండి రోడ్డు మీద పైకి లేస్తోందంటే, డిక్కీలో ఏదో బరువు ఎక్కుతుండాలి. ఖాళీ చేసి చూడండి. డాక్టరుగారి గోడ కూడా తుడిచెయ్యండి.

ఇట్లు,
టార్చి

తా.క.: కాకుల సంగతి నాకెందుకో తేడాగా ఉంది. డ్రైవరుకు కనిపించనిది అత్తయ్యకు కనిపించడమేంటి?

* * *

చి. టార్చికి,

ఆశీస్సులు. డిక్కీ ఖాళీ చేశాను. మీ తాతయ్య గొడుగు, ఎవరిదో ఒంటి బూటు దొరికాయి. దీపాలు మాత్రం దిగలేదు.

పైగా కొత్త తలనొప్పి. మేం బయటినుంచి తిరిగొచ్చేటప్పుడు వెలుగు పళ్ల డాక్టరుగారి మేడ కిటికీలో పడుతోంది. పెందలాడే పడుకునే ఆయన అత్తగారు తెల్లారిందనుకుని లేచి పళ్లు తోముకుంటోందట. ఆయన అరవడానికి వచ్చి, రెండుపూటలా తోముకోవడం మంచిదేనని తనే ఒప్పుకుని వెళ్లిపోయాడు.

చూడమ్మాయ్, తప్పు నీ పనిలోనే ఉంది. వారంలో సరిచేయకపోతే నీ షాపుకు బస్సులో వస్తాం. వచ్చి, ఎందుకు బస్సులో వచ్చామో అందరికీ చెబుతాం.

ఇట్లు,
మామయ్య

తా.క.: డ్రైవరు సీటు మీద వేసుకునే ఎత్తు దిండు ఒకటి పంపు. మీ మామయ్య తల ఇప్పటికే పైకప్పుకు తగులుతోంది కదా అని అడగకు.

* * *

మామయ్యకు,

నమస్కారాలు. బస్సు మాట చదివి ఏడుపొచ్చింది. షాపు తెరవకముందే నా పని బాగాలేదని మీరే అంటే ఇంక నా దగ్గరికి ఎవరొస్తారు?

నేనిప్పుడు పనిచేసేచోటికి మీ కారులాంటిదే ఒకటి రిపేరుకొస్తే దానిలో మనుషులను అటూ ఇటూ మార్చి కూర్చోబెట్టి చూశాను. మీరు రాసినట్టు దీపం లేవడానికి ఒకటే దారి: తేలికైన మనిషి ముందు, బరువైన మనిషి వెనక. మీ ఇంట్లో తేలికైన మనిషి ఎవరో, బరువైన మనిషి ఎవరో నాకు తెలుసు.

గోడ ముందు స్టీరింగు దగ్గర మీరున్నారు. రోడ్డు మీద ఎవరుంటున్నారు మామయ్యా?

ఇట్లు,
టార్చి

తా.క.: దిండు పంపుతున్నాను. ఎవరికని అడగలేదు.

* * *

చి. టార్చికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పోలీసు ఉద్యోగంలో చేరాల్సింది.

నా ఎడమ కన్ను పూర్తిగా పోయిందట, కుడిది మసక. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని కళ్ల డాక్టరు ముందే చెప్పాడు. దీపాలు పెంచితే సరిపోతుందేమోనని ఆశపడ్డాను. నీ దీపాలు వచ్చాక తీగల మీద కాకులు కూడా అందరికీ కనిపించాయి, నాకు తప్ప. నీ పనిలో తప్పేమీ లేదు. అన్నందుకు ఏమనుకోకు.

మీ అత్తయ్యకు పెళ్లయిన కొత్తలో డ్రైవింగు నేర్పి, లైసెన్సు ఇప్పించి, స్టీరింగు మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడు ఇచ్చాను. నిన్న ఆవిడ ముందు, నేను వెనక కూర్చుని మళ్లీ గీత గీయించాం. స్క్రూ తిప్పింది పళ్ల డాక్టరుగారే. ఆయన చెయ్యి వణకదు. వెలుగు బుద్ధిగా రోడ్డు మీద పడింది. ఆయన అత్తగారికి మాత్రం రెండోపూట తోముకోకపోతే తోచడం లేదట.

మేకు కొట్టానన్నావు. నేను వెనక తలుపు తీసుకుని దిగితే ఆ ఫొటో ఎలా పెట్టుకుంటావు? తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది. అందుకని ఒక్క కోరిక. ఎదురు బండివాడి కళ్లు చెదరకుండా డిమ్ము, బ్రైటు మార్చే స్విచ్చి డ్రైవరు ఎడమ పాదం దగ్గర నేల మీద ఉంది కదా. దాన్ని వెనక సీటు ముందుకు మార్చగలవా? ఎదురుగా వచ్చే దీపాలు నాకింకా కనిపిస్తాయి. స్టీరింగు ఆవిడది, దీపాలు నావి. ఇద్దరం కలిసి నడుపుకుంటూ వచ్చామని చెప్పుకోవచ్చు.

ఇట్లు,
మామయ్య

తా.క.: స్విచ్చి పెట్టి, వైరు కలపకుండా వదిలెయ్యమని రాద్దామనుకున్నాను. ఇంతలో నిన్న గీత పని అయ్యాక అలా వెళ్తుంటే ఎదురుగా లారీ వచ్చింది. క్లచ్చి, గేరు, స్టీరింగు చూసుకునేసరికి నా ఎడమ కాలు ఎక్కడుందో నాకే తెలియలేదు. వెనకనుంచి మీ మామయ్య "డిమ్ము!" అని అరిచారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. వైరు కలుపు తల్లీ. గట్టిగా కలుపు.