చట్టి పట్టుకున్న చేతులు

అక్కా,

ఇవాళ్టికి నువ్వు పోయి ఏడాది. నువ్వు చివరిసారి వండిన చేపల పులుసు ఫొటోను నీ వంటల బ్లాగులో పెట్టమని బావ అడిగాడు. ఫొటోలు దిద్దడానికి ఎప్పుడూ వాడే ఆ ఉచిత వెబ్‌సైటే తెరిచాను. గరిటె పెడితే ముక్క విరుగుతుందని చట్టిని గుడ్డతో పట్టుకుని తిప్పుతావు కదా, ఆ ఫొటో. నెల్లూరు ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు తీసింది. సెలైన్ పెట్టిన చోట ప్లాస్టర్ ఇంకా ఉంది.

"నా చేతులు పడనీబాకే, చట్టి ఒకటే పెట్టు" అనేదానివి ప్రతిసారీ. అందుకే వెనకున్నదంతా చెరిపే బటన్ నొక్కాను. గుడ్డతో సహా చేతులు పోయి చట్టి ఒక్కటే మిగిలింది. రంగు కాస్త పెంచి, పైన పులుసు పేరు రాసి బావకు చూపించాను.

"చట్టి బాగుండాదమ్మా" అన్నాడు. కాసేపు చూసి, "మీ అక్క యాడుండాది ఇందులో?" అన్నాడు.

చేసినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకున్నాను. పేరు పోయింది, రంగు పోయింది, నీ చేతులు వచ్చాయి. అలాగే పెట్టేశాను. నువ్వుంటే తిట్టేదానివి. తిట్టడానికి నువ్వు లేవు కనుక, ఉంచనా తీసేయనా అని నేనే మళ్లీ మళ్లీ తెరిచి చూస్తున్నాను.